పాలవెల్లి అడ్డం పడ్డ చోట

బురద పట్టిన రబ్బరు గమ్‌బూట్లు గుమ్మంలో ఉండకూడదని మంగతాయారు పట్టు. వాన తగ్గేదాకా అక్కడే ఉండాలని కోడలు నిరుపమ పట్టు. అత్తగారు వాటిని గరాజ్‌లో పడేయడం, కోడలు తెచ్చి మళ్ళీ పెట్టడం, పొద్దుటినుంచీ ఇదే తంతు.

"బూట్ల గొడవ తర్వాత. రేపటి ఓటు సంగతి చెప్పు" అన్నాడు నిరుపమ భర్త రవిచంద్ర.

వెల్లింగ్టన్ కాంట్రాక్టు పోయినప్పటి నుంచి అతను ఇంట్లోనే ఉంటున్నాడు. నిరుపమ పగలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్ చూసుకుని, సాయంత్రాలు పేట బాగోగులు చూసే లోకల్ బోర్డు సభ్యురాలిగా మీటింగులకు వెళ్తుంది. అక్కడిచ్చేది పెట్రోలుకు సరిపోతుంది. ప్లంబరు, చిల్లర కొట్టాయన, నర్సు, ఇలా వీధికొకరు సభ్యులే. ఇంతమంది దండగ, పూర్తి జీతంతో ముగ్గురు చాలన్నది కొత్త ప్రతిపాదన. ఆ ముగ్గురిలో నిరుపమకు చోటు ఖాయమని ఛైర్మన్ చెప్పేశాడు. ఆమె ఊఁ అంటే ఇంటి లోను గట్టెక్కుతుంది.

"గుంపుగా టీలు తాగే బదులు ముగ్గురు కూర్చుని రిపోర్టులు చదివి తేలిస్తే నష్టమేంటి?" అన్నాడు మళ్ళీ.

నిరుపమ చెవి వాగు వైపు ఉంది. పెరటి కంచె అవతల ఎప్పుడూ గలగలమనే వాగు ఆ సాయంత్రం ఇంత వానలోనూ నోరు మూసుకుంది. ఆమెకు అదే నచ్చలేదు. బూట్లు తొడుక్కుని వెళ్ళింది.

వాగు రోడ్డు కిందికి దూరే చోట ఇనప జాలీ ఉంది. దానికి అడ్డంగా ఒక పాలవెల్లి ఇరుక్కుని, వెనక కొమ్మలూ ఆకులూ గోడ కట్టేశాయి. వెనక్కి తన్నిన నీళ్ళు కంచెలదాకా వచ్చాయి. చవితికి వీధిలోని తెలుగువాళ్ళంతా మట్టి వినాయకుణ్ణి ఆ వాగులోనే కలిపారు. దేవుడి వస్తువు చెత్తబుట్టలో వేయడానికి చేతులు రాక పాలవెల్లిని కూడా వదిలారు. పసుపు రాసిన ఆ కర్రలు, నారింజలు కట్టిన ఎర్రదారం నిరుపమ గుర్తుపట్టింది. అత్తగారు కట్టిన ముడులే.

లాగితే కదల్లేదు. అవతలి గట్టు మీదుండే బోర్డు సభ్యుడు, ప్లంబరు టోనీకి ఫోన్ చేసింది. అతను సగం తిన్న భోజనం వదిలి కొక్కెం తెచ్చాడు. ఇద్దరూ లాగేసరికి పాలవెల్లి విరిగి వచ్చింది. నీళ్ళు ఒక్కసారి గర్జించాయి.

టోనీ మొహంలో సంతోషం లేదు. వాగు దిగువన ఇలాంటి జాలీలు ఇంకా ఉన్నాయన్నాడు. తర్వాతి జాలీ పక్కన ఉండేది బోర్డు నర్సు. ఫోన్ చేస్తే, అప్పటికే గట్టు మీద నిలబడి ఉన్నానని, ఇక్కడా నీళ్ళెక్కుతున్నాయని చెప్పింది. ఇంకా కిందివాటి దగ్గర బోర్డువాళ్ళెవరూ ఉండరు; అక్కడ నీళ్ళెక్కుతున్నా ఫోన్ చేసి అడగడానికి మనిషి లేడు.

నిరుపమ ఇంటికి వచ్చి విరిగిన పాలవెల్లిని బూట్ల పక్కన పెట్టింది. మంగతాయారు ఎర్రదారం వంక చూసింది. బూట్లను ముట్టుకోలేదు. వాన ఇంకా పెద్దదైంది.

అందరూ భోజనానికి కూర్చున్నాక, కూతురు సిరి కంచంలో అన్నం వడ్డిస్తూ నిరుపమ మెల్లగా అంది:

"రేపు నేను ఆ ముగ్గురి ప్లానుకి వ్యతిరేకంగా ఓటేస్తాను. పాలవెల్లి మనదేనని కూడా మీటింగులో చెప్తాను."