పాట ఉన్న బండి

పొద్దున్నే లేచి పొయ్యిలో కట్టెలు ఎగదోసి, కాఫీ పెట్టుకుని, బైబిలులో ఒక పుట చదువుకుని, ఆనక మంచు మీద నడిచే ఇంజను బండ్లు బాగుచేసే షాపుకు ఫోను చెయ్యడం రావ్నాకు అలవాటైపోయింది. ఫోనులో ముందు సంగీతం వచ్చేది. అది వింటూ ఆవిడ గిన్నెలు కడిగేసేది, బూట్లలోకి వెచ్చదనానికి ఎండుగడ్డి కూరుకునేది, ఒక్కోసారి మేజోడు మడమ అల్లడం కూడా పూర్తయ్యేది. చివరికి కౌంటరు దగ్గరుండే పిల్ల సోల్వేగ్ గొంతు పలికేది.

"అక్కా, నువ్వేనా? బేరింగు ఇంకా రాలేదు."

"మొన్న వచ్చిందన్నావు గదమ్మా."

"వచ్చింది గానీ అది వేరే బండిదట. తిప్పి పంపేశాం."

"మరి మాదెప్పుడొస్తుంది?"

"దక్షిణాదిన గోడౌనులో ఉందంటున్నారు. ఈస్టరు సెలవులు గదా, అక్కడ ఒక్కరూ ఫోనెత్తి చావరు."

తమ ఫోను సంగతి ఆ పిల్లకు తోచినట్టు లేదు. రావ్నా "సరేనమ్మా, దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అని పెట్టేసేది. చల్లగా చూడడమంటే ఆ చలిదేశంలో దీవెన కాదు గాని, ఆవిడ మనసులోని మాట వెచ్చనిదే.

బండి ఆవిడ భర్త ఓవ్లాది. శరదృతువులో, పెంపుడు జింకలకు ఎవరివో తెలిసేలా చెవిగుర్తులు కోసే దొడ్డి దగ్గర, నిలబడ్డవాడు నిలబడ్డట్టే గుండె ఆగి పోయాడు. బండి మిగిలింది, మంద మిగిలింది, బండిలో ఆయన పాట మిగిలింది.

భూమికి ఉత్తరాన, మంచు కప్పిన ఆ పీఠభూమి మీద మనిషికొక పాట ఉంటుంది. మాటలు పెద్దగా ఉండవు. గొంతులోంచి సుళ్ళు తిరుగుతూ వచ్చే రాగం, అంతే. అది పాడితే ఆ మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డట్టే లెక్క. ఎవరి పాట వాళ్ళు పాడుకోరు, అది తప్పు. నీ మీద ప్రేమ ఉన్నవాళ్ళెవరో కట్టి నీకివ్వాలి. ఇక మంచుబండ్ల మాటకొస్తే, ఏళ్ళ తరబడి ఒకే మనిషి నడిపిన బండికి ఆ మనిషి పాట పడుతుంది, పాత బూటుకు పాదం అచ్చు పడినట్టు. ఓవ్లా బండి గుట్ట అవతల ఉండగానే ఇవతలి వాళ్ళకు ఆయన పాట వినబడేది. ఆయన పోయాక రావ్నా నడిపినా అదే పాట. "రావ్నా ఓవ్లాను వెంటేసుకుని వస్తోంది, కాఫీ పెట్టండర్రా" అనేవాళ్ళు ఇరుగుపొరుగు.

రావ్నా నోట మాత్రం ఆ పాట ఎన్నడూ రాలేదు. ఆవిడ పుట్టింట్లో పాట పాపం. కీర్తనకు తప్ప గొంతెత్తకూడదని తల్లి చెప్పింది, తల్లికి వాళ్ళమ్మ చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఓవ్లా ఏదో రాగం తియ్యబోతే, "నా చెవిని పడేలా వద్దయ్యా" అంది. ఆయన మళ్ళీ తియ్యలేదు. అంత మంచివాడు. పొద్దంతా మందలో తిరిగి, ఇంటి ముందరి మిట్ట దాకా వచ్చి, అక్కడ బండి కాసేపు ఆపి, ఆపైన దిగి వచ్చేవాడు. పెట్రోలు చూసుకుంటున్నాడని ఆవిడ అనుకునేది. బండి పాడితే మటుకు ఆవిడ ఏమీ అనేది కాదు. బండికి బాప్తిస్మం ఇవ్వలేదు గదా, దానికేం పాపం?

ఇప్పుడు ఆ బండి పట్నంలో షాపు వెనక షెడ్డులో పడుంది, బేరింగు అరిగిపోయి. ఇక్కడ జింకలు కడుపులతో బరువెక్కుతున్నాయి. మంచు పైపొర గట్టిగా ఉండగానే వాటిని సముద్రం వైపు, ఈనే చోటికి తోలుకుపోవాలి. ముందు బండి, బండికి తాడుతో కట్టిన తెల్లమొగం అనే పోతు, దాని వెనక మందంతా. తెల్లమొగం ఓవ్లా పాట వింటే గాని అడుగు తీసి అడుగు వెయ్యదు. మరిది ఇస్సాత్ తన బండి వెనక కట్టి చూశాడు. నాలుగు కాళ్ళూ మంచులో పాతుకుని, ఎటో చూస్తూ నిలబడింది.

"వదినా, నేననకూడదు గానీ," అన్నాడు ఇస్సాత్ ఆ సాయంత్రం, కాఫీలో జున్నుముక్క నానేసుకుంటూ, "ఈ మంద నా చెవిగుర్తులో కలిపేసుకుంటా. నువ్వు ఇంటిపట్టున ఉండి మేజోళ్ళు అల్లుకో."

"మీ అన్న గుర్తు చెరిపేస్తావుటయ్యా?"

"చెరపాలని నాకుందా? నువ్వు మొయ్యలేకపోతున్నావు, అది చూడలేకపోతున్నా."

అది నిజమే. జింకలు, చలి ఆవిడకు బరువు కాలేదు. ఆ ఫోను సంగీతమే ఆవిడను లోపల్నించి తొలిచేసింది. "మంచు మెత్తబడేలోగా బండి ఇంటికి రాకపోతే నీ ఇష్టమయ్యా," అంది. అన్నాక ఆ రాత్రి భోజనం చెయ్యబుద్ధి కాలేదు.

ఈస్టరు వెళ్ళాక, పోస్టు వ్యానెక్కి ఆవిడే షాపుకు వెళ్ళింది.

కౌంటరు ఎదురుగా బల్ల మీద ముసలి మాహ్తె కూర్చునున్నాడు, టోపీ మోకాలికి తగిలించుకుని. రావ్నాను ఉయ్యాల నాటి నుంచీ ఎరిగినవాడు.

"రావే అమ్మాయ్, కూర్చో. ఈ బల్ల నాదే. చచ్చాక కూడా ఇక్కడే పెట్టమని చెప్పా."

"నీ బండి ఇంకా అవలేదా మావా?"

"అయ్యిందే! తీసుకుపొమ్మంటే తీసుకుపోయా. చర్చి దాటకుండానే ఆగిపోయింది. మళ్ళీ తెచ్చా. ఈసారి సీటు మార్చారు. ఆగిపోతోందిరా నాయనా అంటే సీటు మార్చారు! ఆగినప్పుడు మెత్తగా కూర్చోవచ్చని కాబోలు."

"ఊరుకో మావా, ఆ పిల్ల వింటుంది."

"వినాలనే. ఇదిగో, కాఫీ తాగు. కాఫీ మటుకు అమృతం. బండ్లు బాగుచేస్తే ఇంత మంచి కాఫీ ఎవడు తాగుతాడని భయం వీళ్ళకి."

గోడ మీద రెండు మూడు బోర్డులున్నాయి. పొగ తాగరాదు. కుక్కల్ని బయట కట్టవలెను. పాట ఉన్న బండ్లకు, పాట విషయమై షాపు పూచీ లేదు.

సోల్వేగ్ రావ్నాను చూసి తల దించుకుంది. రోజూ ఫోనులో గలగల్లాడే పిల్ల ఇవాళ మాట కూడబలుక్కుంటోంది. "అక్కా, మా యజమాని ఒక మాట చెప్పమన్నారు. నీ పాత బండి మాకిచ్చెయ్. కొత్తది తీసుకుపో. ఇప్పుడే, ఇవాళే."

"కొత్తదానికి పాట ఉండదు గదమ్మా."

"పడుతుందక్కా. కొన్నేళ్ళకి."

"కొన్నేళ్ళకి," అంది రావ్నా. తెల్లమొగానికి ఈ మాట ఎవరు చెప్తారు? అయినా ఆవిడకు వాదించే ఓపిక లేదు. అలిసిన మనిషికి ఎవరు కుర్చీ చూపిస్తే అక్కడ కూర్చోవాలనిపిస్తుంది. "సరే. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు."

సోల్వేగ్ కలం వెతుకుతోంది. ఈలోగా మాహ్తె తన సీటు సంగతి తేల్చుకుందామని లేచి షెడ్డు తలుపు తోశాడు. తోసినవాడు తోసినట్టే నిలబడిపోయాడు. లోపల ఏదో ఇంజను ఆడుతోంది.

"ఇదేం చోద్యమే రావ్నా! నువ్విక్కడుండగా లోపల నిన్ను పాడుతున్నారేంటి?"

"నన్నా? నాకు పాటెక్కడిది మావా?"

సోల్వేగ్ మొహం ఎర్రబడింది. మెకానిక్కు ఓద్వార్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. తీరప్రాంతం వాడు, పెద్ద మనిషి, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"బండి ఎప్పుడో అయిందక్కా," అన్నాడు. "తుక్కు బండిలోంచి బేరింగు ఊడదీసి వేశా. సుబ్బరంగా ఆడింది. కానీ మీ ఆయన పాట పోయింది. వేరే ఎవరిదో పాట వస్తోంది. ఆ తుక్కు బండి వాళ్ళది పట్టిందేమోనని రోజూ ఊడదియ్యడం, బిగించడం. పోయినాయన పాట పోగొట్టామని ఎలా చెప్పేది? ఊరూపేరూ తెలియని వాళ్ళ పాట వేసి ఇంటికెలా పంపేది? అందుకే రాలేదు రాలేదని చెప్పించా."

"రాలేదు రాలేదని రోజూ నాచేత," అంది సోల్వేగ్ ఏడుపు గొంతుతో. "నాకు నిద్ర పట్టడం లేదు."

"తుక్కు బండి వాళ్ళదేంట్రా నీ మొహం!" అన్నాడు మాహ్తె. "విను. చిన్న చిన్న అడుగులేసుకుంటూ వస్తుంది, గుమ్మం దగ్గర ఆగుతుంది, బూట్ల మంచు దులుపుకుంటుంది, లోపలికి రావచ్చా కూడదా అని ఆలోచిస్తుంది. ఈ చుట్టుపక్కల అట్లా ఆగే మనిషి ఇంకెవరున్నారు? ఇది రావ్నా. కట్టినవాడు మా ఓవ్లా. వాడు తప్ప ఇంత నెమ్మదిగా ఎవడు కడతాడు?"

రావ్నా షెడ్డులోకి వెళ్ళింది. ఆవిడ గుమ్మం దాటగానే పాట ఆగిపోయింది. ఉత్త ఇంజను చప్పుడు మిగిలింది. రెండడుగులు వెనక్కి వేస్తే లోపల మళ్ళీ సన్నగా మొదలైంది.

"వద్దన్న మనిషి పాట ఆ మనిషి నెత్తినే రుద్దరు గదా," అన్నాడు మాహ్తె. "మర్యాద తెలిసిన బండి. ఈ షాపులో ఉండి కూడా పాడవలేదు."

ఆవిడ బయటికి నడిచి, షెడ్డు వెనక్కి పోయి, టోపీ చెవి పైకి మడిచి, రేకు గోడకు చెంప ఆనించింది. రేకు చల్లగా కరిచింది. అవతల ఓవ్లా తనను పాడుతున్నాడు. అడుగులు, ఆగడం, మంచు దులపడం, అన్నీ ఉన్నాయి. చేతులు జోడించే చోటు కూడా ఉంది, దాన్ని ఆయన ఎగతాళి చెయ్యలేదు, అక్కడ రాగం తల వంచింది. ఆ తర్వాత ఒకచోట రాగం ఉన్నట్టుండి పైకి ఎగిరి చెదిరింది. అదేమిటో ఆవిడకు ముందు తెలియలేదు. తెలిసినాక చెంప తడిసి రేకుకు అంటుకుంది. అది తన నవ్వు.

మిట్ట మీద బండి ఎందుకు ఆపేవాడో అప్పుడు అర్థమైంది. పెట్రోలు కాదు. పొద్దంతా పాడుకుంటూ వచ్చి, ఆవిడ చెవిని పడే చోటుకు ముందే ఆపేసి, నోరు తుడుచుకుని ఇంటికొచ్చేవాడు. కాపురం చేసినంత కాలమూ. విన్నది బండి ఒక్కటే.

లోపలికి వచ్చి ఆవిడ కలం సోల్వేగ్ చేతిలో పెట్టేసింది. "వద్దమ్మా. నా బండి నేను తీసుకుపోతా."

"ఓవ్లా పాట లేకుండానా? మంద కదలదు గదక్కా."

"తెలుసమ్మా. ఇంక నువ్వు హాయిగా నిద్రపో."

"బేరింగుకు పూచీ ఇవ్వలేను," అన్నాడు ఓద్వార్.

"దేనికిచ్చావులే నువ్వు," అన్నాడు మాహ్తె, మళ్ళీ బల్ల మీద కూలబడుతూ.

మంద బయలుదేరాల్సిన రోజు పొద్దున ఆకాశం పాలలా ఉంది. ఎండెక్కితే మంచు మెత్తబడేలా ఉంది. రావ్నా తెల్లమొగం తాడు బండికి కట్టి ఇంజను వేసింది. బండి పాడలేదు. తెల్లమొగం చెవులు నిక్కించి చూసి, వినాల్సింది వినబడక, కాళ్ళు పాతుకుంది. వెనక మందంతా పడుకునే ఉంది.

ఇస్సాత్ బండి దిగి దగ్గరికొచ్చాడు. "వదినా, చేసినంత చేశావు. ఇంక తాడు నాకియ్యి."

"కాసేపాగవయ్యా."

ఆవిడ చేతి తొడుగులు తీసి, వట్టి చేతులు జోడించింది. ప్రభువా, ఇది పాపమైతే నాకే అంటనీ, ఆయన్ని మధ్యకు లాగకు. ఆయన నా కోసం నోరు కట్టుకున్నాడు. నేను ఆయన కోసం తెరవకపోతే ఎలా?

గొంతు ముందు అరిగిపోయిన బేరింగులా గరగరమంది. కీర్తనలకు అలవాటైన గొంతు ఆ సుళ్ళలో తిరగలేక రెండుసార్లు తడబడింది. మూడోసారి దారి దొరికింది. దూరం నుంచి, తొందర లేకుండా, ఎదురుగాలికి భుజం ఒగ్గి వచ్చే మనిషి రాగం. ఇన్నేళ్ళూ బండి నోట విన్నదే. అది తనకు ఇంత బాగా వచ్చునని ఆవిడకే తెలియదు.

ఇస్సాత్ టోపీ తీసేశాడు. అన్న వస్తుంటే ఎప్పుడూ తీసేవాడు కాదు. ఇప్పుడు తీశాడు.

తెల్లమొగం తల విదిల్చింది. మెడలో గంట మోగింది. ఒక కాలు మంచులోంచి ఊడబెరుక్కుని ముందుకు వేసింది. వెనక పడుకున్నవి ఒకటొకటిగా లేచి ఒళ్ళు దులుపుకున్నాయి. ఇస్సాత్ తన బండెక్కి, చుట్టూ తిరిగి, మంద వెనక తోకవైపు తన చోటికి వెళ్ళిపోయాడు.

బండి కదిలింది. నడిచే జింకల కీళ్ళు చేసే టిక్కుటిక్కు చప్పుడు వెనకనుంచి వాన మొదలైనట్టు వినబడింది. ఎన్ని వస్తున్నాయో ఆవిడ తిరిగి చూడలేదు. మందను లెక్కపెట్టడం ఆ మనుషుల్లో మర్యాద కాదు. ఓవ్లా ఎప్పుడూ బండి ఆపే మిట్ట వచ్చింది.

ఆవిడ ఆపలేదు.