మంద మర్లిన దిక్కు

సుస్మిత ఒంటరిగా విమానం నడుపుతూ గాల్లోకి లేచి పావుగంట అయింది. పక్క సీటు ఖాళీ. నిన్నటిదాకా ఆ సీట్లో కూర్చుని గదమాయిస్తూ నేర్పిన దామోదర్ సారు ఇప్పుడు నందికొండ దగ్గరి రన్‌వే మీద, చెవికి రేడియో ఆనించుకుని నిలబడి ఉంటాడు. దేవరకొండ దాకా పోయి తిరిగి రావాలి. కింద రోడ్డును చూసుకుంటూ పోవడమే పని. మబ్బులో దూరి పోయే చదువు ఆమెకింకా రాలేదు. "కన్నుకు భూమి ఆనినంతసేపే నువ్వు పైలట్‌వు. ఆనకుంటే మర్లు, వెనక్కి తిరుగు," అని సారు నూరుసార్లు చెప్పాడు.

ఆమెకు ఊరికే నవ్వొస్తోంది. కాళ్ల కింద కందిచేలు, చెరువులు, ఎర్రటి బాటలు. చిన్నప్పుడు ఆ బాటల వెంట గొర్రెల వెనక నడిచి అరికాళ్లు కాయలు కాసిన పిల్లే ఈవేళ వాటి మీదుగా ఎగిరిపోతోంది! గొంతెత్తి పాడింది. ఇంజను హోరులో తన పాట తనకే వినబడలేదు.

పొద్దున ఫోన్‌లో అవ్వ బక్కమ్మతో మాట్లాడింది.

"పది కొట్టంగ ఎర్రగుట్ట మీదికెల్లి పోత అవ్వా. పైకి జూడు."

"జూసుడేంది? ఎదురొస్త. మందను తోలుకొని గుట్ట మీద నిలవడ్త. నువ్వు నా దిక్కే రా."

"గంత పైనుంచి నీ మొఖం గనవడదే!"

"నాకు నువ్వు గనవడ్తవు గద పోరీ!"

ఆ ఇంట్లో ఎవరు ఏ ప్రయాణం కట్టినా బక్కమ్మ ఎదురు రావాల్సిందే. నలభై ఏళ్ల కింద ఆమె పుట్టింట్లో ఉన్న పూట, తాత కురుమయ్య మందతో కృష్ణ ఒడ్డుకు వలస పోయాడు. వరద మందను మిగిల్చింది, మనిషిని మిగల్చలేదు. నేను ఎదురు రాకనే పోయినాడని ఆమె ఇప్పటికీ అంటుంది. నల్లగొండ బస్సెక్కే వాళ్లనైనా సరే, ముందు తను నాలుగడుగులు ఎదురు నడిచి పోనిస్తుంది.

అయితే ఎర్రగుట్ట రోడ్డు మీద లేదు. రోడ్డు విడిచి పడమటి గుట్టల దిక్కు మళ్లాలి. ఆ సంగతి సుస్మిత సారుకు చెప్పలేదు.

రోడ్డు విడిచిన రెండు నిమిషాలకే ఎండ మాయమైంది. పడమట బూడిద రంగు మబ్బు బారుగా పరుచుకుని ఉంది. సుస్మిత దాని కిందికి దిగింది. మబ్బు ఇంకా కిందికి వచ్చింది. ఇంకొంచెం దిగింది. అద్దం మీద చినుకులు పడి, వెనక్కి గీతలుగా జారుతున్నాయి. విమానం ఒక్కసారి ఎగిరిపడితే బెల్టు భుజాలను కోసింది. అయినా లోపల ఎక్కడో హుషారే.

"సుస్మితా, ఎక్కడున్నవ్? రోడ్డు గనవడ్తుందా?" రేడియోలో సారు గొంతు గరగరలాడి తెగిపోయింది.

మర్లాలి. తెలుసు. కానీ అవ్వ గుట్ట మీద నిలబడి ఉంది. విమానం రాకపోతే ఆమె కదలదు. ఉరిమినా, మెరిసినా, పొద్దు గూకినా కదలదు. ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్క నిమిషం.

అదిగో ఎర్రగుట్ట! పచ్చగడ్డి మీద తెల్లటి మంద, ఆరబోసిన వడ్లంత చిన్నగా. పక్కన నల్లటి చుక్క, అవ్వ గొంగడి. సుస్మిత కేక పెట్టింది. గుట్ట అవతల ఏముందో కనబడటం లేదు. అక్కడ పెద్దగుట్ట ఉండాలి. అది ఉండాల్సిన చోట తెల్లటి మబ్బు పొగ తప్ప ఏమీ లేదు.

మంద కదిలింది.

వాన వస్తే ఆ మంద ఎటు పోతుందో సుస్మితకు తెలుసు. పెద్దగుట్ట అడుగున బండ చాటు ఉంది, ముందుకు, పడమటికి. ఎన్ని వానలు తాను ఆ చాటున గొర్రె పిల్లలను ఒళ్లో పెట్టుకుని గడిపిందో! ఇప్పుడు మంద అటు పోవడం లేదు. వెనక్కి, తూర్పుకు, చెట్టూ చేమా లేని బయలుకు ఉరుకుతోంది. నల్లటి చుక్క దాని వెనకాల పడి కొడుతోంది.

కృష్ణ ఒడ్డున ఒక గట్టు మీది కాపరి కేక ఇంకో గట్టుకు వినబడదు. అప్పుడు మందను ఎటు తోలితే అటు రమ్మని అర్థం. నడక రాకముందే నేర్చిన మాట అది.

"మర్లుతున్న అవ్వా, మర్లుతున్న!"

నెత్తి మీద నీళ్ల బిందె ఉన్నట్టు తిప్పాలని సారు చెప్పాడు. మెల్లగా వంచింది. ఎత్తు చూపే ముల్లు మీంచి కన్ను తీయలేదు. పొగ అద్దాన్ని ఒక్క క్షణం పూర్తిగా మూసేసి, చీలింది. ఆ చీలికలో, కుడి రెక్క కొసకు అవతల, పెద్దగుట్ట నల్లరాయి తడిసి మెరిసింది. అంత దగ్గరగా! మలుపు ముగిసింది. ముందు మంద, మంద ముందు వెలుతురు, ఆ వెలుతురు కొసన సాగర్ నీళ్లు వెండి పళ్లెంలా తళుక్కుమన్నాయి.

నందికొండ రన్‌వే మీద చక్రాలు నేలకు తగిలాయి.

"రోడ్డు విడిచి గుట్టల్లోకి ఎందుకు పోయినవ్?" దామోదర్ సారు ముఖం పాలిపోయి ఉంది.

అంతా చెప్పేసింది.

"మీ అవ్వకున్న తెలివిల సగం లేదు నీకు. నాలుగు రోజులు ఎగురుడు లేదు. విమానాలు కడుగు."

ఫోన్ చేస్తే, అవ్వతో పాటు మంద కాయబోయిన పరమేష్ కాక ఎత్తాడు. "మీ అవ్వకు పిచ్చి లేసింది బిడ్డా! వానల మందను చాటుకు తోలుదామంటే నన్నే కర్రతోని కొట్టవట్టె!"

అవ్వ ఫోన్ గుంజుకుంది. "దిగినవా?"

"దిగిన. నువ్వు తడిసినవా?"

"నేనేమన్న ఉప్పు గడ్డనా కరిగిపోనీకి? పెద్దగుట్ట గనవడక నువ్వు నా దిక్కే ఉరికొస్తివి. ఇంకేం జెయ్యాలె? ఎదురొస్తనని చెప్పి వీపు జూపిన బిడ్డా. పొయ్యేటోళ్లకు నేనెన్నడు వీపు జూపలే."

"అందుకే గదనే ఇప్పుడు మాట్లాడుతున్న."

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు.

అయిదో రోజు పొద్దున్నే కంచె అవతల నల్ల గొంగడి కనబడింది. మందను పరమేష్‌కు అప్పజెప్పి, మొదటి బస్సుకే వచ్చేసింది బక్కమ్మ.

"లోపలికి ఇజాజత్ లేదమ్మా, ఎవర్నీ పోనియ్యొద్దన్నరు," అన్నాడు గేటు దగ్గర కాపలా ఉన్న లియాఖత్ అలీ.

"నాకెందుకయ్యా లోపల? బయటనే నడుస్త. జర జరుగు."

సుస్మిత విమానం కంచె వెంబడే మెల్లగా కదిలింది. ఎదురుగా అవ్వ, తల నిండా కొంగు కప్పుకుని, గట్టిగా అడుగులు వేస్తూ వచ్చింది. సుస్మిత చెయ్యి ఊపింది. అవ్వ ఊపలేదు. దారి చూసుకొమ్మన్నట్టు వేలితో ముందుకు చూపించింది.

"ఎదురొచ్చిందా?" రేడియోలో సారు అడిగాడు.

"వచ్చింది సార్!"

"అయితే రోడ్డు విడువకు."