ఏడు కుర్చీల వారం

అమెరికాలో లా కాలేజీ ప్రవేశ పరీక్షలో అప్పట్లో ఒక భాగం ఉండేది. ఏడుగురు డాక్టర్లు, వారంలో ఏడు రోజులు, రోజుకొకరి ఉపన్యాసం. ఫలానా ఆయన ఫలానా ఆవిడ కంటే ముందు మాట్లాడాలి, ఇంకొకాయన శుక్రవారం రాలేడు. మరి బుధవారం ఎవరు? ఇలాంటి చిక్కుముళ్లు నాలుగు. పరీక్ష పెట్టేవాళ్లకు జనాన్ని కుదురుగా కూర్చోనివ్వడం ఎందుకో ఇష్టం ఉండేది కాదు.

చూపున్నవాళ్లు కాగితం మీద గళ్లు గీసుకుని గట్టెక్కేవారు. రొవీనాకు పుట్టుకతోనే చూపు లేదు. ప్రశ్నలైతే బ్రెయిలీలో ఇచ్చారు గానీ, ఆమె గళ్లు ఎక్కడ గీసుకుంటుంది? రెండుసార్లు ఆ భాగంలోనే బోల్తా పడింది. డెట్రాయిట్‌లో అద్దె ఇళ్లవాళ్లకు సాయం చేసే ఆఫీసులో ఫోన్లు ఎత్తడం ఆమె ఉద్యోగం. ఇల్లు ఖాళీ చేయమన్నారని ఏడ్చేవాళ్లను లాయరుకు కలిపి ఊరుకోవాలి. ఆ లాయరు తనే కావాలని ఆమె పంతం. మూడోసారీ తప్పితే ఇక రాయనని తనకు తనే చెప్పుకుంది.

ఆదుకున్నది చర్చిలో ఆమెతో పాటు పాడేవాళ్లు. ప్రతి గురువారం పాటల సాధన అయ్యాక, పాట నేర్పే బ్రదర్ లూషస్ ఏడు కుర్చీలు వరసగా వేసేవాడు. మొదటిది సోమవారం, చివరిది ఆదివారం. అతను ప్రశ్న చదివి ఒక్కొక్కరికీ ఒక్కో డాక్టరు పేరు పంచేవాడు. రొవీనా ఎక్కడ కూర్చోమంటే వాళ్లు అక్కడ కూర్చునేవారు, తప్పని తేలితే మళ్లీ లేచేవారు. ఎవరి గొంతు ఎటునుంచి వస్తే వాళ్లది ఆ రోజు. పగలంతా పనిచేసి వచ్చిన మనుషులు, చలికాలమంతా ఒక్క గురువారం కూడా ఎగ్గొట్టలేదు.

"నన్నెప్పుడూ శనివారంలోకే తోస్తావేంటి తల్లీ? అక్కడ హీటరు వేడి తగిలి చావదు," అని చర్చి పెద్ద డీకన్ హోసియా గొణిగేవాడు. గొణుగుతూనే లేచి వెళ్లేవాడు.

ఒక్క చిక్కుండేది. సిస్టర్ ఆర్లెటాకూ సిస్టర్ బెర్నిస్‌కూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పాస్టరు గారి విందులో ఆర్లెటా చేసి తెచ్చిన మాకరోనీని బెర్నిస్ వెనక్కి నెట్టి, తను చేసింది ముందు పెట్టిందట. అప్పట్నుంచీ ఇద్దరూ పక్కపక్కన కూర్చోరు. లెక్కలో అలా కూర్చోవలసి వస్తే, లూషస్ చప్పుడు చేయకుండా పేర్లు మార్చేసేవాడు.

పరీక్ష రోజున రొవీనా ఆ ఏడుగురినీ మనసులోనే కూర్చోబెట్టింది. మూడు చిక్కుముళ్లు ఇట్టే విడిపోయాయి. నాలుగోది మొండికేసింది. ఎవరిని ఎటు తిప్పినా ఏ జవాబూ కుదరలేదు. ఇక తన పని అయిపోయిందనుకుంది. నిబంధనలన్నీ మళ్లీ మొదట్నుంచి తడిమింది. ఆర్లెటాకూ బెర్నిస్‌కూ తను పంచిన ఆ ఇద్దరు డాక్టర్లూ పక్కపక్కన ఉండకూడదని ఎక్కడా లేదు. ఆ నిబంధన పరీక్షది కాదు, మాకరోనీది.

మనసులోనే ఇద్దరికీ క్షమాపణ చెప్పి, ఆర్లెటాను మంగళవారంలో, బెర్నిస్‌ను బుధవారంలో కూర్చోబెట్టింది. మిగిలినవాళ్లు ఎవరి చోటికి వాళ్లు చేరిపోయారు.

ఫలితం వచ్చింది. ఊళ్లోనే సాయంత్రం నడిచే లా కాలేజీలో సీటుకు ఆ మార్కులు చాలు. గురువారం సాధనకు వెళ్లి ఆ మాట చెప్పి, పరీక్షలో జరిగిందీ దాచకుండా చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

ఆర్లెటా అడిగింది. "నేను ఏ రోజు?"

"మంగళవారం. బెర్నిస్ సిస్టర్ బుధవారం."

"అక్కడా ఆవిడే ముందా," అంది బెర్నిస్.

ఆర్లెటా ఉన్న మూల నుంచి చెప్పుల మడమల చప్పుడు నెమ్మదిగా గది దాటింది. కుర్చీ కిర్రుమంది.

"దూరం జరక్కు," అంది ఆర్లెటా గొంతు, బెర్నిస్ పక్కనుంచే. "పిల్ల ఇలాగే కూర్చోబెట్టింది."

రొవీనాకు ఏడుపు ఆగలేదు. మీ అందరి రుణం ఎలా తీర్చుకోనని అడిగింది. ముందు పాట అందుకోమన్నాడు డీకన్, శనివారం కుర్చీలోంచి. అందుకుంది. ఆ రెండు గొంతులూ ఒకే వైపు నుంచి వచ్చి ఆమె పాటలో కలిశాయి.