ఉప్పు కిటికీకి గంధం బొట్టు

నేను ఒక ఉప్పు కిటికీని. వంటింటి ఉప్పుకు దూరపు చుట్టాన్ని. కొలిమిలో కరిగించి, నెమ్మదిగా స్ఫటికంగా పెంచి, అరచేతి వెడల్పున కోసి నునుపు చేశారు. మామూలు గాజు మింగేసే పరారుణ కిరణాలను నేను దాటనిస్తాను. తడి తగిలితే మాత్రం కరుగుతాను.

రాయలసీమలో ఒక కొండ మీది పరిశోధన కేంద్రంలో డాక్టర్ హైమవతి నన్ను, కాంతిని విడదీసి కొలిచే వర్ణపటమాపకం ముఖద్వారాన బిగించింది. సూర్యకాంతి నాలోంచి యంత్రంలోకి వెళ్ళేది. గాలిలోని ప్రతి వాయువూ ఆ కాంతిలో తన వంతు మింగి, వర్ణపటంలో నల్లని గీత మిగులుస్తుంది. భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు గీత ఎంత లోతైతే గాలిలో మీథేన్ అంత ఎక్కువ. ఏటేటా అది లోతవుతూనే ఉంది.

ఇరవై ఏళ్ళు ఒక్క నెలా తప్పకుండా కొలతలుంటే కేంద్రాన్ని శాశ్వతం చేస్తామని, లేకుంటే మూసేస్తామని పైవారు చెప్పారు. పందొమ్మిదేళ్ళూ నన్ను పొడిగా కాపాడినవాడు సహాయకుడు ఓబులేసు. వానాకాలంలో ఆ గదిలో ఎవరినీ దగ్గనిచ్చేవాడు కాదు.

ప్రతి ఆయుధపూజకూ అతను యంత్రం ఇనుప పెట్టెకు బొట్టు పెట్టేవాడు. హైమవతికి పూజల మీద నమ్మకం లేదు. పెట్టెకే కదా అని ఊరుకునేది. ఇరవయ్యో ఏట ఆమె ఊళ్ళో లేదు. ఇదొక్క ఏడూ గండం గడిస్తే చాలనుకుని అతను నా మూత కూడా తీశాడు. చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరబెట్టుకుని, పన్నీటిలో కలిపిన గంధం నా నడిమధ్యన అద్దాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి నా మీద గుంట పడి, తెల్లని మసక కమ్మింది.

“ఏం పెట్టినావు ఓబులేసూ?”

“నీళ్ళు తగలనీలేదు మేడమ్. గంధమే పెట్టినా.”

ఆమె పన్నీటి సీసా తీసి అతని ముందు పెట్టింది. పన్నీరూ నీళ్ళేనని అప్పుడు అతనికి అర్థమైంది. కొత్తది తెప్పిస్తే సరిపోదా అని గొణిగాడు.

“వస్తుందిలేప్పా. నువ్వు పో, అన్నం తిను,” అంది.

నివేదికలో ఆమె ‘తేమ వల్ల పాడైంది’ అని రాసింది. అబద్ధం కాదు. కొత్త కిటికీకి అనుమతి ఏడు నెలలకు వచ్చింది. కొలతలు తప్పాయని కేంద్రం మూసివేత ఉత్తరువు అంతకు రెండు నెలల ముందే వచ్చింది. ఒకే కార్యాలయం, ఒకే సంతకం.

ఆమెను బదిలీ చేశారు. ఓబులేసును అతిథిగృహంలో దుప్పట్లు మార్చే పనిలో వేశారు. నన్ను పడేసిన సొరుగులో ఈ వానాకాలం నా అంచులు కరిగి చెక్కకు అంటుకున్నాయి. బయట కొండ మీద ఎండ కాస్తూనే ఉంది. అందులో మీథేన్ గీత ఈ ఏడు ఎంత లోతైందో ఇక్కడ ఎవరికీ తెలియదు.