అతుకు లేని మ్యాటు

పాత వ్యాను కొన్నప్పటి నుంచి దాన్ని ముస్తాబు చేయడమే సుమనకు సరదా. వెనక సీటు తీయించి పడక అమర్చింది, పోచంపల్లి బట్టతో తెరలు కుట్టింది. ఇంజను చప్పుడు వినబడకూడదని నేల మీదా, ముందు సీట్ల అడుగు చుట్టూ దళసరి మ్యాటు పరిచి మరలు బిగించింది. అతుకు కనబడితే ఆమె ఓర్చుకోలేదు. అందుకే అంతా ఒకే ముక్క.

ఆదివారం రామన్నపేట దాటగానే సీటు కింద నుంచి ఆవిరి పొంగింది. సుమన బండి పక్కకు ఆపింది.

"ఇగ చాలు, రేపే తుక్కోనికి ఇచ్చేస్త," అన్నాడు భర్త నరేశ్.

"జర ఆగు. పైపు ఊడిందేమో చూస్త."

"ఏడ చూస్తవ్? ఇంజను సీటు కిందుంటది. నువ్వేమో దానికి దుప్పటి కప్పి పండవెట్టినవ్!"

పడక మీదున్న అత్త సైదమ్మ పకపకా నవ్వింది.

"నవ్వుడు తర్వాత అత్తమ్మా, గా కుట్టు డబ్బాలున్న కత్తెర ఇయ్యి."

ఇష్టంగా పరిచిన మ్యాటు మీద కత్తెర పెట్టడానికి సుమనకు చేయి రాలేదు. కానీ కొయ్యకపోతే బండే ఉండదు. పళ్ల బిగువున సీటు చుట్టూ కోసి, సీటు పైకెత్తింది. ఇంజను చల్లారాక చూస్తే నీళ్ల పైపు క్లిప్పు వదులైంది. దాన్ని బిగించి నీళ్లు నింపి తాళం తిప్పింది. ఇంజను అందుకుంది.

"మ్యాటు ఖరాబైంది గదనే," అన్నాడు నరేశ్, ఈసారి మెల్లగా.

"అంచులు కుడ్త. ఇగ సీటు ఎప్పుడంటే అప్పుడు తెరుచుకోవాలె."

"మరి తుక్కోడు?"

"అమ్ముడు లేదు గిమ్ముడు లేదు. ఎక్కు!"