కట్ట మీద ఎదురుగాలి

ఆ ఆదివారం గాలి నైరుతి నుంచి వీస్తుందని నమ్మి సముద్రపు ఒడ్డు పల్లె దెన్ ఓవర్‌లో బయలుదేరాం. అది వీపు మీద చెయ్యేసి తోస్తే, సముద్రానికి అడ్డంగా కట్టిన ఆ ముప్పై రెండు కిలోమీటర్ల కట్టను రెండు గంటల్లో దాటేయొచ్చు. నా భర్త యెల్లె చిన్నప్పటినుంచీ ప్రతి మే నెలలో దాటుతున్నాడు. పెళ్లయ్యాక నేనూ, సైకిలు నేర్చాక మా అమ్మాయి హిస్కె కూడా ఆయనకు తోడయ్యాం. తీరా ఆ రోజు కట్ట మొదట్లోని తూములు దాటామో లేదో గాలి ఈశాన్యానికి తిరిగింది. వాన సూదుల్లా మొహానికి అడ్డంగా కొట్టింది.

"వెనక్కి పోదామా?" అన్నాను.

"వెనక్కేంటి ఫ్రౌకె? మనమేమన్నా పంచదార బొమ్మలమా కరిగిపోడానికి?" అన్నాడు యెల్లె, నా వెనక సీట్లోంచి.

మేమిద్దరం ముందొకరు, వెనకొకరు కూర్చుని తొక్కే జంట సైకిలు మీద ఉన్నాం. ఏటా ముందు సీటు ఆయనది. ఈసారి నాది. "మీ నాన్నకి నడుం నొప్పి, హ్యాండిలు పట్టుకోలేడు" అని హిస్కెకు చెప్పాం. పద్నాలుగేళ్ల పిల్ల, నమ్మేసింది. "ముసలాడివైపోయావు నాన్నా" అని నవ్వి, తన సైకిలు మీద ముందుకు దూసుకుపోయింది.

ఎంత తొక్కినా బండి కదిలినట్టుండదు. కుడి పక్క సరస్సు, ఎడమ పక్క సముద్రాన్ని దాచేసే గట్టు, మధ్యలో గీత గీసినట్టున్న దారి. ఆ దారికి వంపు లేదు, చెట్టు లేదు. మొదటి పదహారు కిలోమీటర్లకే మూడు గంటలు పట్టింది. బూట్లలో నీళ్లు చేరి, వేళ్లు మొద్దుబారి, గేరు మార్చాలంటే అరచేత్తో నెట్టాల్సివచ్చింది.

కట్ట మధ్యలో ఒక బస్ షెల్టరు ఉంది. హిస్కె తన సైకిలును దాని గుమ్మానికి అడ్డంగా వాల్చి, లోపల వణుకుతూ కూర్చుంది. నేను బండి ఆపగానే యెల్లె దిగి, నేను చెప్పేలోపే నాలుగడుగులు వేశాడు. తిన్నగా వెళ్లి ఆ సైకిలు మీద పడ్డాడు.

"కళ్లు కనిపించడం లేదా నాన్నా? నా బెల్లు విరగ్గొట్టావు!" అని అరిచింది హిస్కె.

యెల్లె లేవలేదు. సైకిలు చక్రం పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"కనిపించడం లేదమ్మా" అన్నాడు.

ఆమె నా మొహం చూసింది. నేను ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉండిపోయాను.

"అంటే?"

యెల్లె పిడికిలి గుండ్రంగా మడిచి, గొట్టంలా కంటికి ఆనించుకున్నాడు. "ఇంత కనిపిస్తోంది. పక్కన ఏదీ లేదు. ఈ మధ్య ఇది కూడా తగ్గుతోంది."

"తాతకి లాగానా?"

"ఊఁ. అదే."

వాళ్ల తాత చివరి ఇరవై ఏళ్లూ గోడ తడుముకుంటూ బతికాడు. బాత్రూముకు ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది హిస్కే. ఆమె చాలా నెమ్మదిగా అడిగింది.

"మరి నాకు?"

"చెప్పలేం తల్లీ. రావచ్చు, రాకపోవచ్చు. సగానికి సగం."

"మీకెప్పట్నుంచి తెలుసు?"

"రెండేళ్లు" అన్నాను.

"ఇద్దరికీ? మరి నాకెప్పుడు చెబుదామనుకున్నారు? నేనూ వెళ్లి దేన్నో గుద్దుకున్నాకా?"

రొట్టె పొట్లం విప్పాను గానీ ఎవరూ ముట్టుకోలేదు. బస్సు రావడానికి రెండు గంటలుంది, వచ్చినా సైకిళ్లు ఎక్కించుకోరు. మళ్లీ వానలోకి దిగాం.

ఈసారి హిస్కె మా వెనక వచ్చింది. యెల్లె ఊపిరి ఎగబీలుస్తూ, పెడళ్లు విరిగిపోయేలా తొక్కుతున్నాడు. నా రెండు కాళ్లూ చేసే పని కూడా తనే చేసేయాలన్నట్టు ఉంది. అరగంట గడిచిందేమో, వెనక ఇనుము రాళ్లకు కొట్టుకున్న చప్పుడైంది.

బండి ఆపి చూశాను. హిస్కె సైకిలు దారి పక్క రాళ్లలో ఉంది, ఆమె దాని కింద ఉంది. నేను అటు పరిగెత్తబోతుంటే, యెల్లె "హిస్కె! హిస్కె!" అని అరుస్తూ చేతులు చాచి వేరే పక్కకు నడుస్తున్నాడు. గాలి ఆమె ఏడుపును ఎటు మోసుకెళ్లిందో, ఆయన అటే వెళ్తున్నాడు. అటు సరస్సు. ఎవర్ని ముందు పట్టుకోవాలో తెలియక నడిదారిలో నిలబడిపోయాను.

"నాన్నా, ఆగు! అటు నీళ్లు!" అని రాళ్లలోంచి ఆమే అరిచింది.

ఆయన ఆగాడు. నేను వెళ్లి సైకిలు తీశాను. మోకాలు చీరుకుపోయి ఉంది.

"ఎలా పడ్డావే?"

"కళ్లు మూసుకుని తొక్కా. ఎలా ఉంటుందో చూద్దామని. పందొమ్మిది దాకా లెక్కపెట్టా."

యెల్లె గొంతును బట్టి తడుముకుంటూ వచ్చి, ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు.

"తాకకు" అని కాలు లాక్కుంది.

ఆయన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. రెండేళ్లుగా ఆయన ఏడవడం నేను చూడలేదు. ఆ రోజూ చూశానని చెప్పలేను. మొహమంతా వానే.

మిగిలిన దూరం సైకిళ్లు నెట్టుకుంటూ నడిచాం. కట్ట అవతలి ఊరు మక్కుంలో మేం గది తీసుకున్న ఇంటికి చేరేసరికి ఏడు దాటింది. "ఇంత వానలో కట్ట మీద వచ్చారా? మీకేమన్నా పిచ్చా?" అని నవ్వుతూ ఇంటావిడ బఠాణీ సూపు పెట్టింది.

యెల్లె నా వైపు వంగి గొణిగాడు. "ఫ్రౌకె, అది నావైపు చూస్తోందా?"

హిస్కె ఎదుటి గోడ వైపు తిన్నగా చూస్తోంది. రెండు చూపుడు వేళ్లూ మొహం ముందు నిలబెట్టి, పక్కకి ఎంతదాకా కనిపిస్తాయో చూస్తున్నట్టు, వాటిని చెవుల వైపు కొద్దికొద్దిగా జరుపుతోంది. ఒకచోట ఆపి, వెనక్కి తెచ్చి, మళ్లీ జరుపుతోంది.

"సూపు తాగుతోంది" అన్నాను.