పాలు దిగేదాకా

ఇరవై నిమిషాల పనిని మూడు నిమిషాల్లో చేయించిన మనిషిని నేను కళ్ళారా చూశాను. ఆయన పేరు ఫరీదుద్దీన్. గల్ఫ్‌లో, అల్ సద్ అనే పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఆపరేషన్స్ మేనేజరు. ఆయన ఏ ఆపరేషన్ చేశాడో అడిగే ధైర్యం అప్పటికి మాలో ఎవరికీ లేదు.

రెండు వేల ఎనిమిది వేసవి. చమురు బ్యారెల్ నూట నలభై డాలర్లు దాటింది. ఆ ఊపులో ఎడారి మధ్యన ఆసుపత్రి లాబీలో జలపాతం కట్టించారు. అది దూకడం మొదలెట్టిన నెలలోనే మూడో అంతస్తులో, నెలలు నిండని పసికందుల వార్డులో, పూటకు ఐదుగురు ఉండే నర్సులు ఇద్దరయ్యారు. గాజుపెట్టెలు మాత్రం పదే. ఆరో పెట్టెలో నా కూతురు. ఏడో నెలలోనే పుట్టింది. పోలికలు ఎవరివో తేలడానికి కూడా ముఖం చాలదు.

ఆ పిల్లలకు చప్పరించడం రాదు. మూడు గంటలకోసారి నర్సు చంకలో జ్వరం చూసి, గుడ్డ మార్చి, పక్క తిప్పి, ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్న గొట్టంతో పాలు పట్టాలి. సిరంజిలోని తోపుడు పుల్ల తీసేసి, గొట్టానికి తగిలించి, జానెడు ఎత్తున పట్టుకుంటే పాలు వాటంతటవే దిగుతాయి. ఇరవై నిమిషాలు. నెట్టకూడదు. నెడితే పాలు వెనక్కి తన్ని ఊపిరాడదు.

గురువారం పొద్దున తొమ్మిదింటి పాలు. బోధన్ నుంచి వచ్చిన వజీరున్నీసా పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉంది. ఆ పూట ఐదుగురు పిల్లలు ఆమె వంతు. నా పక్క పెట్టెలోని పిల్లవాడికి, ఖమర్ సుల్తానా కొడుక్కి, సిరంజి ఎత్తి నిలబడింది. తల్లులమిద్దరం అక్కడే ఉన్నాం. మేనేజరు గారు చేతిలో స్టాప్‌వాచీతో వచ్చారు.

"ఏం చేస్తున్నవ్ సిస్టర్?"

"పాలు పడుతున్న సార్."

"పాలు అవే పడుతున్నయ్. నువ్వు ఊకె నిలబడ్డవ్. సిరంజికి పుల్ల ఎందుకిచ్చిన్రు? తోసెయ్. మూడు మినిట్లు. యల్లా, జల్ది."

"కిలో బరువు గూడ లేడు సార్."

"కిలోల లెక్క నాకొద్దు. ఆడ నలుగురు పిల్లలు ఆకలితోని ఉన్నరు. వాళ్ళకు లేటైతే ఎవరి మీద రిపోర్టు రాయాలె? నీ మీదనా, నా మీదనా?"

ఆకలిగా ఉన్న నలుగురిని చూపించి ఐదోవాడి గొంతులో కుక్కించడం. చదువుకున్నవాడి తెలివి అంటే ఇదే. వజీరున్నీసా ఆ నలుగురి వైపు చూసింది. పుల్ల పెట్టి నెమ్మదిగానే తోసింది. తోసింది మాత్రం నిజం. ఆయన వాచీ చూసుకుని "వెరీ గుడ్" అని లాబీలోకి దిగిపోయారు.

పావుగంటకు పిల్లవాడు పాలు కక్కి నీలంగా మారాడు. మిషన్ కూత పెట్టింది. వజీరున్నీసా ఒక్క అంగలో వచ్చి, వాణ్ని పక్కకు తిప్పి, నోట్లో ముక్కులో పాలు లాగేసి, రెండు వేళ్ళతో వీపు రాస్తూ నిలబడింది. వాడి పెదాలు మళ్ళీ రంగు తేలేసరికి ఆమె పెదాలు పాలిపోయాయి.

సాయంత్రానికి లెటరు తయారైంది. "నా సొంత నిర్లక్ష్యం వల్ల" అని మొదలు. రేపు మధ్యాహ్నంలోగా సంతకం పెడితే పదకొండేళ్ళ సర్వీసు సర్టిఫికెట్ చేతికిచ్చి ఇంటికి పంపుతారు. పెట్టకపోతే వట్టి చేతులతో పంపుతారు, ఇంకెక్కడా నర్సు ఉద్యోగం దొరకదు. దేశం దాటడానికి యజమాని ఇవ్వాల్సిన ఎగ్జిట్ పర్మిట్ కోసం నెలల తరబడి కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళను నేనెరుగుదును. అడగని మనిషికి అది ఒక్క పూటలో వచ్చేసింది.

ఆ సాయంత్రం నర్సులిద్దరూ డ్యూటీ దిగాక తల్లులు పాలు పిండుకునే గదిలో చేరాం. మగవాళ్ళు అడుగుపెట్టని గది కాబట్టి అక్కడ కాస్త ఆలోచన సాగుతుంది.

ఖమర్ సుల్తానా నేరుగా వజీరున్నీసా ముందుకెళ్ళి నిలబడింది. "తోసింది నువ్వే. నా బిడ్డ నీలమైండు. ఆ చెయ్యి నీదే గదా?"

"నాదే, ఖమర్ ఆపా. ఖుదా ముందట గూడ అదే చెప్త. గని లెటర్ల నా చెయ్యి ఒక్కటే ఉన్నది. తొయ్యమన్న నోరు లేదు."

ఖమర్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

రెండో నర్సు కమలాదేవిది నెల్లూరు. "రేపు అందరం డ్యూటీ మానేద్దామక్కా. అప్పుడు తెలుస్తాది ఆయనకి."

"మానేస్తే పిల్లలకు పాలెవరు పడ్తరు? పిల్ల మీదికెళ్ళి చెయ్యి తీసేటి కొట్లాట నాకొద్దు," అంది వజీరున్నీసా.

"సారే పోస్తడు తియ్యి. కింద నీళ్ళు దుంకుతున్నయిగ, ఆ నల్లా తెచ్చి పెడ్తడు." ఈ మాట గంగామణిది. మెట్‌పల్లి మనిషి, వార్డు తుడిచే కాంట్రాక్టు కూలి. చీపురు గోడకానించి మధ్యలోకి వచ్చింది. "మా ఊర్ల దూడకు మందు పోసినా మెల్లగ దింపుతం, కుత్తికెల కుక్కం. ఇగో సిస్టరమ్మా, నువ్వు గొట్టం సరిగ్గున్నదో లేదో చూసి తగిలియ్యి. ఎత్తి పట్టుడే గద మిగిలింది. పది మంది తల్లులున్నరు. చేతులు లెవ్వా?"

"అలా చేస్తే ఊరికే పనివాళ్ళు దొరికారని ఆయన ఈ ఇద్దరినీ పీకేస్తాడు," అన్నాను. నా బీఎస్సీ మొత్తానికి ఆ రోజు వచ్చిన ఫలం ఆ ఒక్క వాక్యం.

పాలు పిండే మిషన్లు గురకపెట్టాయి.

"ఛార్టుల రాద్దాం," అంది వజీరున్నీసా. "ఎవరు పట్టిన్రు, ఎంతసేపు పట్టిన్రు, నర్సు ఎందుకు లేదు. డాక్టర్ రోజూ దాని కింద సంతకం పెట్టాలె. ఎన్ని దినాలు కండ్లు మూసుకుని పెడ్తడు?"

ఖమర్ తలెత్తింది. "నా కొడుకు కాగితంల ఈ పొద్దటిది గూడ రాయి. మేనేజర్ ముందట నిలబడి తోయించిండు, తల్లి చూసింది అని. నా పేరు పెట్టు."

సూడాన్ తల్లికీ, ఫిలిప్పీన్స్ తల్లులకూ మా భాష రాదు. వజీరున్నీసా ఖాళీ సిరంజి ఎత్తి చూపించింది. పుల్ల తీసి చెత్తలో పడేసింది. అందరికీ అర్థమైంది.

మర్నాడు పన్నెండింటి పాలు. ఫరీదుద్దీన్ గారు లెటరుతో, కాపలా మనిషి బుచ్చన్నతో వచ్చారు. పది పెట్టెల దగ్గర పది మంది తల్లులం సిరంజిలెత్తి నిలబడి ఉన్నాం. పెట్టెలు ఛాతీ ఎత్తు. వాటి మీద జానెడు అంటే చెయ్యి తల దాకా లేస్తుంది. కాలేజీలో ఏ ఊరేగింపులోనూ నేను చెయ్యెత్తినదాన్ని కాదు.

"ఏంది ఈ తమాషా? విజిటర్లు అంత బయటికి నడువున్రి."

కదిలితే పాలు ఒలుకుతాయి. ఎవరూ కదలలేదు.

ఆయన లెటరు చాపాడు. వజీరున్నీసా చదివి, మడిచి, ఆయన జేబులోనే పెట్టింది. "తొయ్యమన్నోళ్ళ పేరు రాసి తెండి సార్. దాని కింద నా పేరు పెడ్త."

"బుచ్చన్నా, కిందికి తీస్కపో."

"పాలు దిగనియ్యి సారూ," అన్నాడు బుచ్చన్న, నేల చూస్తూ.

ఆమె ఒక్కో పెట్టె దగ్గరికీ వెళ్ళి మా మోచేతులు సర్దింది. తలుపు దగ్గర ఆగి, "అయిపోయేదాకా చెయ్యి దించకున్రి," అంది. బుచ్చన్న వెనక నడిచాడు. ముందు నడిచింది ఆమే.

మూడింటికి బుచ్చన్నను కాపలా పెట్టి మమ్మల్ని తలుపు బయట ఆపేశారు. అద్దంలోంచి చూస్తున్నాం, తలుపు సందులోంచి వింటున్నాం. లోపల మేనేజరు గారు ఉన్నారు, నర్సుల్లో మిగిలింది కమలాదేవి ఒక్కతే. పది సిరంజిల పుల్లలూ లాగి పసుపు చెత్తడబ్బాలో పడేసింది. మొదటి బిడ్డకు చెయ్యెత్తి నిలబడింది. పిల్లికూనల్లా తొమ్మిది గొంతులు.

"ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు సార్," అంది వెనక్కి తిరగకుండా. "పదో బిడ్డ దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం ఆరైపోతాది. తొందరగా ఉంటే కొత్త పుల్ల తెచ్చి మీరే తొయ్యండి. పక్కన నిలబడి మీ పేరు, టైమూ ఛార్టులో నేను రాస్తాను."

ఆయన పిల్లల వైపు చూడలేదు. కమలాదేవి జేబులోని పెన్ను వైపు చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. బుచ్చన్న ఎవరినీ అడగకుండా తలుపు తీశాడు.

లోపలికి వెళ్ళి, నియమం ప్రకారం మోచేతుల దాకా రెండు నిమిషాలు చేతులు కడుక్కున్నాం. ఆయన నిలబడే ఉన్నాడు.

"భాయ్ సాబ్," అంది ఖమర్ సిరంజి అందుకుంటూ, "రోజుకు ఎనిమిది పూటలు. వజీరున్నీసా తిరిగొచ్చేదాకా, మిగిలిన నర్సులు వచ్చేదాకా, ఇట్లనే ఉంటది. జర తప్పుకో, వెలుతురుకు అడ్డమున్నవ్."

పది చేతులు లేచాయి.